మహామహుని పిమ్మట ఆసనమెక్కువాడు

ఒక సంస్థను చిరకాలము నడిపి, తన పేరును దాని పేరుతో విడదీయరానట్లు పెనవేసి, కీర్తి పరాకాష్ఠ నందుకొన్న సమయముననే తప్పుకొన్న మహాపురుషుని కుర్చీలో మరునాడు వచ్చి కూర్చుండవలసినవాని కష్టము లోకమునకు తేలికగా కనబడదు. లోకము అతనికి దక్కిన పదవిని చూచును. అతడు మోయుచున్న పోలిక బరువు అతనికొక్కనికే తెలియును. శిథిలమైన సంస్థను చేపట్టినవాడు ఏ చిన్న మేలు చేసినను అది ఘనకార్యముగా ఎన్నబడును. శిఖరముననున్న సంస్థను చేపట్టినవానికి నిన్నటి విజయమును నిలుపుకొనుటయే కనీసధర్మము, ఒక్క మెట్టు దిగుటయే మహాపరాధము. ముప్పది సంవత్సరములు ఒకే పాఠశాలను తీర్చిదిద్దిన ప్రధానోపాధ్యాయుని తరువాత వచ్చినవారును, తండ్రి ఊరంతటి నమ్మకమును సంపాదించిపెట్టిన దుకాణమున గల్లాపెట్టె ముందు కూర్చున్న కుమారులును, పేరుమోసిన వైద్యుని ఆసుపత్రిని చేతబట్టిన శిష్యులును ఈ కష్టమును ఎరుగుదురు. ఈ అధ్యాయము వారికొరకు వ్రాయుచున్నాను.

దృష్టాంతములను ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ రంగమునుండి గ్రహించుచున్నాను. అక్కడ క్లబ్బు మేనేజరనగా కార్యాలయమున కూర్చుండి కాగితములు చూచు ఉద్యోగి కాడు. ఆటగాండ్రను ఎంచుట, కొనుట, అమ్ముట, తర్ఫీదునిచ్చుట, ఎవనిని మైదానమున ఏ చోట నిలుపవలెనో నిర్ణయించుట, ఓడిన సాయంకాలమున పత్రికలవారి ప్రశ్నలకు నిలిచి సమాధానము చెప్పుట, ఇవి యన్నియు అతని నెత్తిమీదనే యుండెడివి. ఇతర వృత్తులలో వారసుని యోగ్యత తేలుటకు ఏండ్లు పట్టును. ఇక్కడ వారము తిరుగునప్పటికి లీగు పట్టికలో తీర్పు అచ్చగును. కావున వారసత్వమందలి గుణదోషములు మరెక్కడను కనబడనంత శీఘ్రముగను, స్పష్టముగను ఇక్కడ బయటపడుచుండును.

1974వ సంవత్సరము జులై 12వ తేదీన లివర్‌పూల్ క్లబ్బు మేనేజరు బిల్ షాంక్లీ తాను పదవిని విడుచుచున్నట్లు ప్రకటించెను. విన్నవారు నమ్మలేదు. స్కాట్లండులోని గ్లెన్‌బక్ అను బొగ్గుగనుల పల్లెలో పుట్టిన ఈ మనుష్యుడు 1959 డిసెంబరులో వచ్చునప్పటికి లివర్‌పూల్ రెండవ శ్రేణిలో మగ్గుచుండెను. అతడు దానిని 1962లో మొదటి శ్రేణికి ఎక్కించి, 1964, 1966, 1973 సంవత్సరములలో లీగు విజేతగా నిలిపి, 1965లోను, వైదొలగుటకు రెండు నెలల ముందు 1974 మే మాసములోను ఎఫ్‌ఏ కప్పును తెచ్చి, 1973లో యుయెఫా కప్పును గూడ సాధించెను. అయితే కప్పుల లెక్క అతని మహత్త్వమును పూర్తిగా చెప్పజాలదు. ఓడరేవులో కూలి చేసికొని బ్రతుకు ఆ నగర జనులకు షాంక్లీ తమ గొంతుక. అతడు నోరు విప్పినచో వేలమంది స్తబ్ధులై వినుచుండిరి. అట్టి మనుష్యుడు అరువదియవ యేట, ఓటమి దరిదాపులలో లేనప్పుడు, తనంతట తాను వెళ్లిపోయెను.

అతని స్థానమున క్లబ్బువారు నిలిపిన బాబ్ పెయిజ్లీకి అప్పటికి ఏబదియైదు సంవత్సరములు. అతడును గనుల ప్రాంతమువాడే. డర్హమ్ మండలమందలి హెటన్-లె-హోల్ అతని జన్మస్థానము. 1939లో ఆటగాడుగా లివర్‌పూల్ చేరి, యుద్ధమున సైనికుడుగా పనిచేసి, తిరిగివచ్చి 1947లో లీగు గెలిచిన జట్టులో ఆడెను. 1950 ఎఫ్‌ఏ కప్పు సెమీ ఫైనలులో గోలు కొట్టియు ఫైనలు ఆటకు ఎంపిక కాలేదు; ఆ అవమానమును దిగమ్రింగి అక్కడనే నిలిచెను. ఆట మానిన పిమ్మట శరీరచికిత్స నేర్చుకొని, రిజర్వు జట్టుకు శిక్షకుడై, షాంక్లీ వచ్చిన నాటినుండి అతని ప్రక్కనే పదునాలుగేండ్లకు పైగా పనిచేసెను. ఆన్‌ఫీల్డ్ మైదానములో ఆటగాండ్ర బూట్లు దాచు చిన్నగది యొకటి ఉండెడిది; పెయిజ్లీ, జో ఫేగన్, రూబెన్ బెనెట్, రానీ మొరాన్ మొదలగు శిక్షకులు అందులో కూర్చుండి ఏ ఆటగాని కాలు ఎట్లున్నది, ఎవని మనస్సు చెదరినది, వచ్చు వారము ఎదిరిజట్టు బలహీనత ఎక్కడ అని ముచ్చటించుకొనుచుండిరి. లివర్‌పూల్ యొక్క నిజమైన విద్యాపీఠము ఆ గదియే యని నా నమ్మకము.

పెయిజ్లీ ఆ పదవిని కోరలేదు. పైగా షాంక్లీని మనసు మార్చుకొమ్మని బ్రతిమాలినవారిలో అతడొకడు. అతనికి వాగ్ధాటి లేదు. మాట తడబడి, నామవాచకములు నోటికి అందక, డర్హమ్ యాసలో సగము చెప్పి సగము చేతితో చూపుచుండెను. ఆటగాండ్రు ఒక్కొక్కసారి అతని భావమును ఊహించుకొనవలసి వచ్చెడిది. షాంక్లీ వలె మాటాడవలెనని అతడు యత్నించియున్నచో నవ్వులపాలై యుండును. అతడు ఆ ప్రయత్నమే చేయలేదు. వారసునికి మొట్టమొదటి ప్రలోభము పూర్వుని కంఠస్వరమును అనుకరించుట. రెండవది దానికి సరిగా విరుద్ధమైన స్వరమును బలవంతముగా తెచ్చిపెట్టుకొనుట. రెండింటియందును పూర్వుడే యజమానుడు, వారసుడు సేవకుడు. పెయిజ్లీ తనకు సహజమైన నెమ్మదితనముతోనే పనిలోనికి దిగెను.

ఆ వేసవియందే మరియొక మహామహుని స్థానము ఖాళీ యయ్యెను. లీడ్స్ యునైటెడ్ జట్టును 1961 మొదలుకొని నడిపి, 1969లోను 1974లోను లీగు విజేతగా చేసిన డాన్ రెవీ ఇంగ్లండు జాతీయజట్టు మేనేజరై వెళ్లెను. తన తరువాత ఆటగాడైన జానీ జైల్స్‌ను నియమింపుడని రెవీ సలహా యిచ్చినను, క్లబ్బు యాజమాన్యము బ్రయన్ క్లఫ్‌ను తెచ్చెను. క్లఫ్ మేధావి, డార్బీ కౌంటీ అను సామాన్యపు జట్టును 1972లో లీగు విజేతగా నిలిపినవాడు. అయితే లీడ్స్ జట్టు మోటుగను, మోసముగను ఆడుచున్నదని అతడు అనేక సంవత్సరములుగా బహిరంగముగా నిందించుచు వచ్చెను. పైగా డార్బీలో అతనికి కుడిభుజమైన పీటర్ టేలర్ ఈసారి వెంట రాక బ్రైటన్ క్లబ్బులోనే నిలిచిపోయెను.

1974 ఆగస్టు 10వ తేదీన వెంబ్లీ మైదానమున చారిటీ షీల్డ్ పోటీకి ఈ రెండు జట్లే ఎదురుపడెను. లీడ్స్‌ను క్లఫ్ మైదానములోనికి నడిపించుకొని వచ్చెను. లివర్‌పూల్‌ను నడిపించుకొని వచ్చినవాడు పెయిజ్లీ కాదు, పదవి విడిచిన షాంక్లీ. ఆ గౌరవమును తన మొదటి పెద్ద దినముననే పూర్వునికి వదలిపెట్టుట పెయిజ్లీకి లోటు అనిపించలేదు. ఆట ఒకటికొకటిగా ముగిసి పెనాల్టీలలో లివర్‌పూల్ 6–5 తేడాతో గెలిచెను. లివర్‌పూల్ ఆటగాడు కీగన్, లీడ్స్ ఆటగాడు బ్రెమ్నర్ కలియబడి ఇద్దరును వెలికి పంపబడిరి. ఒకే దినమున, ఒకే పచ్చికపై ఇద్దరు వారసులు. అందొకడు ఆ మరుసటి నెల 12వ తేదీకి పదవి పోగొట్టుకొనెను. రెండవవాడు తొమ్మిది సంవత్సరములు నిలిచి ఆరు లీగులను, మూడు యూరోపియన్ కప్పులను గెలిచెను. ఈ భేదమునకు ప్రతిభలో తరతమములు కారణము కావు. క్లఫ్ తరువాత నాటింగ్‌హామ్ ఫారెస్టుకు పోయి 1978లో లీగును, 1979, 1980లలో యూరోపియన్ కప్పును సాధించి, తన ప్రతిభ యెట్టిదో నిస్సందేహముగా నిరూపించెను.

మరి లీడ్స్‌లో ఏమి జరిగెను? మొదటి సమావేశముననే, మీరు గెలిచిన పతకములను చెత్తబుట్టలో పారవేయుడు, వానిని మీరు న్యాయముగా గెలువలేదు అను భావము వచ్చునట్లు క్లఫ్ మాటాడెనని ఆనాటి ఆటగాండ్రు తరువాత పలుమారులు చెప్పిరి. ఆ మాట రెవీని తాకవలెనని పలికినది; తాకినది ఎదుట కూర్చున్నవారిని. ఏలయన, పూర్వుని కాలపు విజయములు పూర్వుని యొక్కనివి కావు. చెమటోడ్చినవారు, గాయపడినవారు, ఓపికతో నిలిచినవారు అందరును ఆ గదిలోనే యున్నారు. పాత పద్ధతి తప్పు అని క్రొత్త అధికారి ఒక్క మాట అనినచో, ఆ పద్ధతిలో ఇరువది యేండ్లు గడపిన గుమాస్తాయు, ఉపాధ్యాయుడును, నర్సును తమ జీవితమే తప్పని తీర్పు చెప్పబడినట్లు భావింతురు. ఆరు లీగు ఆటలలో ఒక్కటే గెలుపు. నలుబదినాలుగు దినములలో క్లఫ్ ఉద్వాసన. అతని తరువాత వచ్చిన జిమ్మీ ఆర్మ్‌ఫీల్డ్ సౌమ్యుడు. దాదాపు అదే జట్టును 1975 మే మాసమున పారిస్ నగరమున యూరోపియన్ కప్పు ఫైనలు వరకు నడిపించెను. అక్కడ బాయర్న్ మ్యూనిక్ చేతిలో ఓడినను, అదే మనుష్యులు అంతదూరము పోయిరన్న సంగతి విస్మరింపరానిది.

ఇక పెయిజ్లీ మొదటి సంవత్సరమును తీరికగా పరిశీలింతము. వారసత్వమును గూర్చి నేర్చుకొనదగినదంతయు ఆ యొక్క సంవత్సరములో నున్నదని నేను దృఢముగా నమ్ముచున్నాను. ఆ యేడు అతడు ప్రధానమైన కప్పును ఒక్కదానినైన గెలువలేదు. సెప్టెంబరులో నార్వే దేశపు స్ట్రోమ్స్‌గోడ్‌సెట్ జట్టుపై 11–0 గెలిచినప్పుడు చెలరేగిన సంబరము నిలువలేదు. కప్పు పోటీలలో ఒక్కొక్కదానినుండి జట్టు తప్పుకొనెను. లీగులో డార్బీ కౌంటీకి రెండు పాయింట్లు వెనుకబడి రెండవ స్థానముతో తృప్తి పడవలసివచ్చెను. (ఆ డార్బీని గెలిపించిన డేవ్ మకే కూడ వారసుడే, క్లఫ్ వెళ్లినప్పుడు అతనినే తిరిగి పిలువుడని సమ్మెకు సిద్ధపడిన ఆటగాండ్రను సముదాయించుకొని గెలిచినవాడు. అతని కథయు ఎవరైన వివరముగా వ్రాయదగినది.) షాంక్లీ ఉన్నచో ఇట్లగునా యను గుసగుస ఊరంతటను వినబడియుండును. పెయిజ్లీ దానికి జవాబు చెప్పబోలేదు.

ఆ సంవత్సరమున అతడు ముందుగా, ఉన్నవారిని ఉండనిచ్చెను. బూట్లగదిలోని సహచరులందరు ఎప్పటివలెనే కూర్చుండిరి. ఫేగన్ ఒక మెట్టు పైకి వచ్చెను. రాయ్ ఎవాన్స్ అను యువకుడు ఆట మాని రిజర్వు జట్టు శిక్షకుడయ్యెను. ఆటగాండ్రు ఆన్‌ఫీల్డులో దుస్తులు మార్చుకొని, బస్సెక్కి మెల్‌వుడ్ మైదానమునకు పోయి, చిన్న చిన్న జట్లుగా విడివడి ఆడు పద్ధతిని మార్చలేదు. మార్పు వలసిన చోట మాత్రము నిశ్శబ్దముగా చేసెను. నార్తాంప్టన్ నుండి ఫిల్ నీల్ అను పేరులేని రక్షకుని కొనెను. ఆ నీల్ తరువాత పెయిజ్లీ గెలిచిన మూడు యూరోపియన్ కప్పు ఫైనలులలోను ఆడెను. షాంక్లీ వెళ్లిన దినముననే ఆర్సెనల్ నుండి వచ్చి చేరిన రే కెనెడీ గోలు కొట్టు ముందువరుస ఆటగాడు. ఆ స్థానమున అతడు రాణించలేదు. పెయిజ్లీ అతని నడకను, శ్వాసను, బంతి నందుకొను తీరును కొంతకాలము గమనించి, మరుసటి సీజనులో అతనిని వెనుకకు జరిపి మధ్యవరుస ఎడమప్రక్క నిలిపెను. శరీరచికిత్సకుడుగా గడపిన సంవత్సరములు వృథా పోలేదు. మనిషి నడచుట చూచి గాయమెక్కడనో చెప్పగలవాడు, ఆటగాని అసలు స్థానమెక్కడనో కూడ చెప్పగలిగెను. షాంక్లీకి లేని కన్ను అది. వారసుడు పూర్వుని సొత్తును అపహరింపకయే పైకి రాగల మార్గము ఇట్టి చోటనే యుండును. నీవు ఆ కుర్చీలోనికి వచ్చుటకు ముందు ఏ మూల కూర్చుండి ఏమి చూచితివో, అది పూర్వునికి కనబడి యుండదు. దానితో మొదలుపెట్టుము.

మరుసటి యేడు లీగును, యుయెఫా కప్పును గెలిచిరి. 1977లో రోము నగరమున బోరుస్సియా మోన్షెన్‌గ్లాడ్‌బాక్ జట్టును 3–1 ఓడించి, షాంక్లీకి అందని యూరోపియన్ కప్పును క్లబ్బు చరిత్రలో మొదటిసారిగా తెచ్చిరి. ఆ వెంటనే జట్టుకు ప్రాణమనదగిన కీగన్ హాంబర్గుకు పోయెను. పెయిజ్లీ వచ్చిన సొమ్ములోనే డాల్‌గ్లీష్ అను ఆటగానిని తెచ్చి, మరుసటి యేడు వెంబ్లీలో ఆ డాల్‌గ్లీష్ గోలుతోనే మరల అదే కప్పు నెత్తెను. అప్పటికి జనులు పోలిక మానివేసిరి.

అయితే ఈ కథలో బాధాకరమైన ఘట్టమొకటి కలదు. దానిని దాచి మేలైన భాగములను మాత్రము చెప్పుట పాఠకునికి ద్రోహము. పదవి విడిచిన షాంక్లీ ఇంటిపట్టున ఉండలేకపోయెను. ప్రతి ఉదయమును మెల్‌వుడ్ వచ్చి, వ్యాయామము చేసి, ఆటగాండ్రతో మాటాడుచుండెను. వారు పాత అలవాటుచొప్పున అతనినే "బాస్" అని పిలుచుచుండిరి; ఆ పిలుపు వినవలసినవాడు ప్రక్కనే నిలిచి యుండెను. కొంతకాలమునకు, ఇక రాకుండుట మంచిదన్న సంగతి షాంక్లీకి తెలియజేయబడెను. ఆ వృద్ధుని మనస్సు విరిగెను; తన ఆత్మకథలో ఆ నొప్పిని అతడు దాచుకొనలేదు. 1981లో మరణించువరకు ఆ గాయము పూర్తిగా మానినదని చెప్పజాలము. పెయిజ్లీది కృతఘ్నత యని కొందరందురు. నేనట్లు తలపను. ఒక మైదానమున ఇద్దరు పెద్దలున్నచో కుర్రవాడు ఎవని మాట వినవలెను? అయితే ఆ సంగతిని ఎవరు, ఎప్పుడు, ఎట్లు చెప్పవలెనో ముందుగానే ఆలోచింపకపోవుట క్లబ్బు పెద్దల లోపము. మొదటి వారముననే షాంక్లీకి తగిన గౌరవస్థానమును, రాదగిన దినములను ఏర్పాటు చేసియున్నచో, ఇద్దరికిని ఆ చేదు తప్పియుండును.

ఇక్కడ నాకు భరతుడు స్మరణకు వచ్చుచున్నాడు. అన్న పాదుకలను సింహాసనమున నిలిపి, తాను నందిగ్రామమున నుండి పదునాలుగు సంవత్సరములు రాజ్యమేలిన ఆ మహనీయుని వారసులకు ఆదర్శముగా చూపుట మనకు అలవాటు. ఆ వినయము వందనీయమే. అయితే భరతుని వ్రతమునకు గడువు కలదు. రాముడు తిరిగివచ్చుట నిశ్చయము. తిరిగిరాని పూర్వుని పాదుకలను కుర్చీపై నిలిపి, ప్రతి నిర్ణయమును 'ఆయన యున్నచో ఏమి చేసెడివారు' అను ప్రశ్నతో కొలుచువాడు భరతుని ధర్మమును పాటించుట లేదు. తన ధర్మమును వాయిదా వేయుచున్నాడు. పెయిజ్లీ తొలిదినములలో తానేదో తాత్కాలికముగా చూచుకొనుచున్నానన్నట్లు మాటాడినను, జట్టును వ్రాయునప్పుడు మాత్రము తన చేతితోనే వ్రాసెను.

మాంచెస్టరు యునైటెడ్ ఈ పాఠమును రెండుమారులు, రెండింతల మూల్యముతో నేర్చుకొనెను. 1945 నుండి జట్టును నిర్మించి, 1968లో యూరోపియన్ కప్పు గెలిచిన మాట్ బజ్బీ 1969లో తప్పుకొన్నప్పుడు, ముప్పదియొక యేండ్ల విల్ఫ్ మెక్‌గిన్నెస్‌ను ఆ పనిలో పెట్టిరి. మొదట అతనికి మేనేజరను బిరుదమైన ఈయలేదు, ప్రధానశిక్షకుడనిరి. బజ్బీ జనరల్ మేనేజరుగా అదే భవనమున ఉండెను. ఒకప్పుడు తనతో కలిసి ఆడినవారిని, బాబీ చార్ల్‌టన్ వంటి వారిని, అతడు ఆజ్ఞాపింపవలసి వచ్చెను. సెమీ ఫైనలులు మూడింటివరకు పోయి ఓడి, 1970 డిసెంబరులో పదవి కోల్పోయెను. బజ్బీ తిరిగి వచ్చి కొంతకాలము జట్టును చూచెను. 1974లో, షాంక్లీయు రెవీయు వెళ్లిన ఆ సంవత్సరముననే, యునైటెడ్ రెండవ శ్రేణికి దిగజారెను. సగము అధికారమును పూర్తి బాధ్యతతో స్వీకరించినవాడు ఎంత యోగ్యుడైనను నిలువలేడు.

2013 మే 8వ తేదీన యునైటెడ్ మేనేజరు అలెక్స్ ఫెర్గుసన్ నిష్క్రమణ ప్రకటన వెలువడెను. ఇరువదియారేండ్లు, పదమూడు లీగు విజయములు. ఆ యేడు సయితము 89 పాయింట్లతో లీగు గెలిచియే వెళ్లెను. మరునాడే డేవిడ్ మోయిస్‌ను ప్రకటించిరి. ఎవర్టన్ జట్టును పదకొండు సంవత్సరములు పరిమితమైన ధనముతో గౌరవముగా నడిపిన కష్టజీవి అతడు. ఫెర్గుసన్ స్వయముగా ఎంపిక చేసినవాడు. ఆరు సంవత్సరముల ఒప్పందము. పది నెలలకే, 2014 ఏప్రిల్ 22న, తన పాతజట్టైన ఎవర్టన్ చేతిలో ఓడిన రెండు దినములకు అతడు తొలగింపబడెను. ప్రీమియర్ లీగు ఏర్పడినది మొదలు ఫెర్గుసన్ కాలమున మూడవ స్థానమునకు దిగువకు పోని జట్టు ఆ యేడు ఏడవ స్థానమున నిలిచెను.

మోయిస్‌ను నిందించుట సులభము. నేను ఆ పని చేయను. అతనికి లభించిన జట్టులో ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా, గిగ్స్ వంటి మేటి ఆటగాండ్రు వయస్సు మీరినవారు. పాల్ స్కోల్స్ అప్పుడే ఆట మానెను. క్రయవిక్రయములను నడిపిన డేవిడ్ గిల్ కూడ ఆ వేసవియందే క్లబ్బు విడిచిపోయెను. పైని రెండు స్తంభములు ఒకేసారి తొలగిన యింటిలోనికి అతడు ప్రవేశించెను. అయినను అతడు తన చేతులతో చేసిన పొరపాటొకటి మనకు నేర్పదగియున్నది. ఫెర్గుసన్ వద్ద పనిచేసిన శిక్షకులు మైక్ ఫీలన్, రెనే మ్యూలెన్‌స్టీన్, ఎరిక్ స్టీల్ అను ముగ్గురును వెళ్లిపోయి, వారి స్థానమున ఎవర్టన్ నుండి తన పాత సహచరులు వచ్చిరి. తనకు తెలిసినవారు ప్రక్కనుండవలెనని కోరుట సహజమే. అయితే ఆ ముగ్గురితోపాటు, ఆ యిల్లు ఎట్లు నడచెడిదో తెలిసిన జ్ఞాపకమంతయు గడప దాటెను. క్రొత్తకోడలు మొదటి దినముననే పోపులపెట్టెలోని గిన్నెలన్నిటిని మార్చి అమర్చినచో, ఆ సాయంకాలమున పులుసుకు ఆవాలకై ఇల్లంతయు వెదకవలసి వచ్చును. పెయిజ్లీ బూట్లగదిని అట్లే యుంచుటకును, మోయిస్ అట్టి గది ఖాళీ యగుటకు ఒప్పుకొనుటకును గల దూరమే వారి ఫలితముల మధ్య దూరములో ఒక పెద్ద భాగమని నా తీర్పు. పూర్తి కారణము అదొక్కటే కాదు. ఏలయన మోయిస్ తరువాత పేరుప్రఖ్యాతులు గల మేనేజర్లు ఒకరి వెంట నొకరు వచ్చినను, ఆ లీగు పతకము ఫెర్గుసన్ వెళ్లినప్పటినుండి యునైటెడ్‌కు దక్కలేదు. మోయిస్ మాత్రము పడిపోయినచోటనే ఉండిపోలేదు. 2023లో ప్రాగ్ నగరమున వెస్ట్‌హామ్ జట్టుకు యూరోపా కాన్ఫరెన్స్ లీగు కప్పు గెలిచిపెట్టెను.

మనదేశమున ఈ సందర్భమున తలపదగినవాడు హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఉపాధ్యాయవృత్తినుండి వచ్చి, హైదరాబాదు నగర పోలీసు జట్టును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుమారులు రోవర్స్ కప్పు విజేతగా చేసి, భారతజట్టును 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమునకును, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకును నడిపినవాడు. 1963 జూనులో వ్యాధిగ్రస్తుడై కన్నుమూసెను. అతడు తీర్చిన ఆటగాండ్ర బలముతో 1964 ఆసియా కప్పులో మన జట్టు రెండవ స్థానమున నిలిచెను. అటుతరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము నేటివరకు మరల రాలేదు. అతని విద్యకు ఒక బూట్లగది యేర్పడలేదు. దానిని తలచినప్పుడెల్ల నాకు మనస్సు కలత చెందును.

ఇట్టి ఆసనము నీకు వచ్చినప్పుడు, ఒప్పుకొనుటకు ముందే అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. సంతోషసమయమున అవి నోటికి రావు, కావున ఇంటివద్దనే వ్రాసికొని పొమ్ము. పూర్వుడు ఇకమీదట ఎక్కడ కూర్చుండును? ఉద్యోగులు తమ ఫిర్యాదులను ఎవరివద్దకు తీసికొనిపోవలెను? నియమించుటకును, తొలగించుటకును, ఖర్చు పెట్టుటకును హద్దు ఎంత? మొదటి సంవత్సరము ఫలితము తగ్గినచో ఎంతకాలము ఓర్తురు? ఈ ప్రశ్నలకు సూటియైన జవాబు రానిచో, మెక్‌గిన్నెస్‌ను స్మరించి, ఆ గౌరవమును వినయముగా తిరస్కరించుటయే మేలు. తిరస్కరించుట పిరికితనము కాదు.

చేరిన తరువాత మొదటి మాసములు వినుటకు వినియోగింపుము. పూర్వుడు చేసిన పనులలో సగము ఏ కాగితముపైనను వ్రాసి యుండవు. అతడు ఉదయమున ముందుగా వచ్చి కాపలావానిని పలుకరించుట, జీతము చాలని గుమాస్తా కొడుకు చదువును గూర్చి అడుగుట, పాత వాడుకదారుకు తానే కబురు చేయుట, ఇట్టివి. అవి ఆగిపోయిన దినముననే సంస్థ దిగజారినదను మాట పుట్టును, లెక్కలలో ఏమియు తగ్గకున్నను. వానిని కనుగొని, నీకు సహజముగా వచ్చువానిని నీవు చేయుము. రానివానిని చేయగలవానికి అప్పగింపుము. పూర్వుని ప్రశంసను సభాముఖమున ఒకమారు నిండుమనస్సుతో చెప్పుము, పిమ్మట పదేపదే చెప్పకుము. ప్రతిదినము చెప్పిన ప్రశంస సంజాయిషీగా వినబడును. నీ మొదటి మార్పు ఎవరిని అవమానింపని చోట, పూర్వుని కాలమున ఖాళీగా మిగిలిన మూలలో ఉండనిమ్ము. ఫిల్ నీల్‌ను కొనుట అట్టిదే. పెద్ద మార్పును, కెనెడీని వెనుకకు జరిపినంతటి దానిని, నీ కన్ను నీకు సాక్ష్యమిచ్చువరకు ఆపి ఉంచుము. సాక్ష్యమిచ్చిన తరువాత ఎవరి యనుమతికిని ఎదురుచూడకుము. ఇక పూర్వుడు మాటిమాటికి వచ్చుచున్నచో, ఆ సంగతిని మరియొకరిచేత చెప్పింపక, నీవే ఆయన యింటికి పోయి, కూర్చుండి, నీ నోటితో చెప్పుము.

తప్పుకొనువానికిని ధర్మమొకటి కలదు. 2024 మే మాసమున మేనేజరు యూర్గెన్ క్లాప్ లివర్‌పూల్ నుండి సెలవు తీసికొనుచు, తన వీడ్కోలు సభయందే రాబోవు ఆర్నె స్లాట్ పేరును తానే పాటగా ఎత్తుకొని ప్రేక్షకులచేత పాడించెను. స్లాట్ వచ్చి, ఆ వేసవిలో తన జట్టునకు కియేసా యను ఒక్క క్రొత్త ఆటగానిని మాత్రము చేర్చుకొని, ఉన్నవారితోనే 2025 ఏప్రిల్‌లో లీగు గెలిచెను. పెయిజ్లీయు 1983లో తప్పుకొన్నప్పుడు ఫేగన్‌కు అడ్డు రాలేదు. ఫేగన్ ఆ మొదటి సంవత్సరముననే లీగును, లీగు కప్పును, యూరోపియన్ కప్పును గెలిచెను. 1985లో ముప్పదినాలుగేండ్ల డాల్‌గ్లీష్ ఆటగాడుగా నుండియే మేనేజరైనప్పుడు, పెయిజ్లీని సలహాదారుగా పిలిచిరి. తాను ఒకప్పుడు షాంక్లీ విషయమున పడిన ఇబ్బంది అతనికి జ్ఞాపకము లేకుండునా? అడిగినప్పుడు చెప్పెను, అడుగనప్పుడు ఊరకుండెను. ఆ సంవత్సరము లివర్‌పూల్ లీగును, ఎఫ్‌ఏ కప్పును ఒకేసారి గెలిచెను; షాంక్లీకి గాని, పెయిజ్లీకి గాని ఆ జంట విజయము ఎన్నడును దక్కియుండలేదు.